సంగ్రహం ఎవరి సొత్తు?

ఆంధ్ర దేశానికి వెలుపల తెలుగు చదివే విద్యార్థికి పెద్ద గ్రంథం చాలాసార్లు ఉపవాచకంగా, అంటే కుదించిన రూపంలోనే, మొదట చేతికందుతుంది. ఆ కుదింపును మన పూర్వులు చిన్నచూపు చూడలేదు. సంగ్రహమంటే గట్టిగా పట్టుకోవడం, కూడగట్టడం. ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దిలో రచించిన తర్కసంగ్రహం స్వతంత్ర గ్రంథంగానే పాఠకులలో నిలిచింది.

అచ్చుతో లెక్క మారింది. ఇంగ్లండులో 1710 నాటి చట్టం ముద్రణ హక్కు ఇచ్చిందే గాని సంగ్రహం మాట ఎత్తలేదు. మాథ్యూ హేల్ నేరశాస్త్ర గ్రంథాన్ని ప్రకటించిన పుస్తక వ్యాపారి గైల్స్, దాన్ని కుదించి అచ్చువేసిన విల్‌కాక్స్ మీద దావా వేశాడు. రద్దయిన చట్టాలను వదిలి, లాటిన్, ఫ్రెంచి భాగాలను ఇంగ్లీషులోకి మార్చడమే ఆ కుదింపు. 1740లో లార్డ్ హార్డ్‌విక్ ఒక గీత గీశాడు: కేవలం కంటితుడుపుగా కత్తిరిస్తే చౌర్యం, బుద్ధి వెచ్చించి నిజంగా సంగ్రహిస్తే అది కొత్త పుస్తకం. పుస్తకాలను సరిపోల్చే పనిని న్యాయవిద్య తెలిసిన ఇద్దరికి అప్పగించాడు. పుస్తకం విలువ తేల్చడానికి చదివినవాడే కావాలన్న ఆ తీరు మాకు నచ్చుతుంది.

ఈ వివాదం మన దేశానికీ వచ్చింది, అదీ పరీక్షల పుస్తకం మీదనే. నార్త్ అనువదించిన ప్లూటార్కు అలెగ్జాండరు చరిత్రను మాక్మిలన్ కంపెనీ సుమారు సగానికి తగ్గించి, టిప్పణులు చేర్చి ప్రచురించింది. బొంబాయికి చెందిన కూపర్ సంస్థ దాదాపు అవే భాగాలతో మరో పుస్తకం తెచ్చింది. 1923లో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది: పాత అనువాదంలోంచి భాగాలు తీసివేసి మిగిలినవి అతికినంత మాత్రాన అది సంగ్రహం కాదు, మూలంలో లేని గుణమేదో శ్రమ వల్ల చేరాలి. కాబట్టి మూలపాఠంపై మాక్మిలన్‌కు హక్కు దక్కలేదు. టిప్పణులపై మాత్రం దక్కింది.

మన 1957 చట్టం హార్డ్‌విక్ గీతను దాదాపు చెరిపేసింది. సంగ్రహాన్ని అది 'అనుసరణ' కింద చేర్చింది. ఎంత నిజాయితీగా కుదించినా హక్కుదారు అనుమతి తప్పదు. హక్కు రచయిత మరణానంతరం 60 ఏళ్లు ఉంటుంది. 1915లో గతించిన గురజాడ కన్యాశుల్కాన్ని నేడు ఎవరైనా సంగ్రహించవచ్చు. 1976లో గతించిన విశ్వనాథ వేయిపడగలకు 2036 చివరి వరకు ఆ వీలు లేదు.