హైపర్‌సానిక్ వాహనాలు: వేడి, వంపు, నియంత్రణ

ధ్వని వేగానికి 5 రెట్లకు మించిన వేగంతో ఎగిరే హైపర్‌సానిక్ వాహనంలో గాలి బలాలు, వేడి, నిర్మాణపు వంపు ఒకదానినొకటి ప్రభావితం చేసే తీరును ఏరోథర్మోఎలాస్టిసిటీ అంటారు.

మాక్ 6 (ధ్వని వేగానికి 6 రెట్లు) వద్ద ముక్కు కొసన నిలిచిపోయే గాలి ఉష్ణోగ్రత సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. వేడికి లోహం మెత్తబడుతుంది; పైపొర, లోపలి చట్రం వేర్వేరుగా వ్యాకోచించి ప్రతిబలాలు పుడతాయి. దృఢత్వం, సహజ పౌనఃపున్యాలు తగ్గి, ఫ్లట్టర్ అనే విధ్వంసక కంపనానికి ఆస్కారం పెరుగుతుంది.

ధ్వని కన్నా వేగంగా సాగే గాలిలోనే ఇంధనాన్ని మండించే స్క్రామ్‌జెట్ ఇంజన్ ఉన్న వాహనాల్లో చిక్కు ఇంకా ఎక్కువ. ఇంజన్‌లోకి వెళ్లే గాలిని ముందుగా సంపీడనం చేసేది వాహనపు ముందుభాగమే. అది కొద్దిగా వంగినా షాక్ తరంగం చోటు మారి, థ్రస్ట్‌తో పాటు ముక్కును పైకి, కిందికి తిప్పే భ్రామకమూ మారుతుంది. జైరోలు ఈ వంపు కంపనాన్ని వాహన భ్రమణంగా నమోదు చేస్తే, నియంత్రణ వ్యవస్థే దాన్ని పెంచే ప్రమాదం ఉంది. కంపన సంకేతాన్ని ఒక ఇరుకైన పౌనఃపున్య పట్టీని మాత్రమే అడ్డుకునే నాచ్ ఫిల్టర్లతో అణచివేస్తారు. ప్రయాణంలో వేడితో పౌనఃపున్యం మారుతూ ఉంటుంది కనుక ఫిల్టర్‌ను ఒకే విలువకు బిగించడం చాలదు.

వేడి ప్రభావం నిజ ప్రయాణాల్లోనూ కనిపించింది. అమెరికా ఎక్స్-15 విమానపు పైపొరను ఇన్‌కొనెల్ ఎక్స్ అనే నికెల్ మిశ్రమలోహంతో చేశారు. 1967 అక్టోబర్ 3న అది మాక్ 6.7 అందుకున్నప్పుడు, నమూనా ర్యామ్‌జెట్ తగిలించిన కింది పైలాన్‌పై షాక్ తరంగాలు తాకిన చోట లోహం కరిగి రంధ్రాలు పడ్డాయి. 2011 ఆగస్టు 11న అమెరికా హైపర్‌సానిక్ గ్లైడర్ హెచ్‌టీవీ-2 పైపొర ఊడటంతో నియంత్రణ కోల్పోయింది. మరోవైపు, హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాల డీఆర్‌డీఎల్ రూపొందించిన ప్రయోగాత్మక వాహనం హెచ్‌ఎస్‌టీడీవీ 2020 సెప్టెంబర్ 7న 20 సెకన్లకు పైగా స్క్రామ్‌జెట్‌తో ప్రయాణించింది.