పంటి గాటున్న బాణం

రాత్రి. తోలు గుడారంలో మంట వెలుగున ఒకడు బాణాలు చేసుకుంటున్నాడు. పక్కన భార్య. పుల్ల వంపు తీయడానికి పళ్ల మధ్య పెట్టి నొక్కుతున్నాడు. కయోవాల లెక్కలో మంచి బాణం మీద పంటి గాట్లు ఉండాల్సిందే. ఇంతలో గుడారం కుట్ల సందులోంచి ఎవరో చూస్తున్నట్టు పసిగట్టాడు. ఉలిక్కిపడలేదు. ఏమీ ఎరగనట్టే కబుర్లు చెప్పమని భార్యకు మామూలు గొంతుతోనే చెప్పాడు. బాణం వింటికి తొడిగి, కుదిరిందో లేదో చూసుకునేవాడిలా అటోసారి ఇటోసారి గురిపెడుతూ, అదే గొంతుతో బయటివాణ్ని అడిగాడు, మనవాడివైతే పేరు చెప్పమని. జవాబు లేదు. బాణం ఆ సందుకెదురుగా వచ్చి ఆగింది. వదిలాడు. శత్రువు గుండెలో దిగబడింది.

అమెరికాలో ఓక్లహోమా ప్రాంతపు కయోవా తెగ కథ ఇది. ఎన్. స్కాట్ మోమడే 1969లో, తండ్రి ఆల్ గీసిన బొమ్మలతో వెలువరించిన 'ద వే టు రెయినీ మౌంటెన్'లో ఉంది. 'హౌస్ మేడ్ ఆఫ్ డాన్' నవలకు ఆయనకు పులిట్జర్ వచ్చిందీ ఆ ఏడాదే. బాణాలు చేసే ఆ మనిషి తన ప్రాణాన్ని మాట మీద పందెం కాశాడంటాడు మోమడే. నాకు మాత్రం, చంపబోయే ముందు ఒకసారి పలకరించి చూడటమే గొప్పగా తోస్తుంది.

మాట అర్థంకాని శత్రువులు కయోవాల చరిత్రలోనూ ఉన్నారు. ఆ తెగలో ఒకప్పుడు పదిమందే ఉండే వీరుల దండు కోయిట్సెంకో. భుజం నుంచి వేలాడే పట్టీ కొసను పోరులో నేలకు దిగ్గొట్టుకుని నిలబడాలి. తోటివాడొచ్చి పీకితే తప్ప కదలకూడదు. ఆ దండు నాయకుడు సటాంక్. 1871 మేలో టెక్సాస్‌లో సరుకు బళ్లపై జరిగిన దాడిలో ఏడుగురు బండివాళ్లు చనిపోయారు. ఆ నేరానికి సటాంక్‌ను, సటాంటాను, బిగ్ ట్రీని పట్టుకున్నారు. జూన్ 8న ఫోర్ట్ సిల్ నుంచి విచారణకు బండ్లలో తరలిస్తుండగా ముసలి సటాంక్ కోయిట్సెంకోల మరణగీతం ఎత్తుకున్నాడు. వెనక బండిలో ఉన్న సటాంటా, బిగ్ ట్రీలకు ఏం జరగబోతోందో తెలిసిపోయింది. కాపలా సైనికులకు అదొక పాట, అంతే. కంబళి కింద ఆయన చేతుల తోలు ఊడొచ్చేలా సంకెళ్లు లాక్కుంటున్నాడు. చేతులు బయటికొచ్చాక, కత్తి దూసి పక్కనున్న సైనికుడి మీద పడేదాకా వాళ్లకు ఆ పాట అర్థం కాలేదు.