సాహిత్య విద్యార్థి వ్యాసం: కట్టమంచి నుంచి కొల్లేరు దాకా

మన కళాశాలలలో సాహిత్య విద్యార్థి చివరి సంవత్సరాన సమర్పించే వ్యాసాన్ని సాహిత్య చరిత్రలో భాగంగా ఎవరూ లెక్కించరు. విద్యార్థికి అది మార్కుల కోసం దాటవలసిన గడప. అధ్యాపకునికి దిద్ది పారవేయవలసిన కాగితాల కట్ట. గైడులో అచ్చయిన అభిప్రాయాలు ఏటేటా చేతులు మారి, అవే పొగడ్తలతో, అవే విశేషణాలతో మళ్ళీ అధ్యాపకుని బల్ల మీదికి వస్తూ ఉంటాయి. ఈ స్థితి సహజమైనదని, విద్యార్థి నుంచి ఇంతకు మించి ఆశించరాదని చెప్పేవారున్నారు. మన చరిత్ర వారి మాటను ఒప్పుకోదు.

ఆధునికాంధ్ర కవిత్వానికి తొలి అడుగులలో ఒకటిగా విమర్శకులు లెక్కించే 'ముసలమ్మ మరణము' ఒక కళాశాల విద్యార్థి పోటీకి వ్రాసి ఇచ్చిన రచన. 1899లో మద్రాసు క్రైస్తవ కళాశాల తెలుగు సంఘం జరిపిన పోటీలో బహుమతి పొందిన ఆ కావ్యాన్ని వ్రాసేనాటికి కట్టమంచి రామలింగారెడ్డికి పందొమ్మిదేళ్ళు నిండలేదు. గురజాడ 'ముత్యాల సరాలు' రావడానికి ఇంకా పదేళ్ళకు పైగా వ్యవధి ఉంది.

ఆ విద్యార్థి సాధించినదేమిటి? భాషలో, ఛందస్సులో అతడు సంప్రదాయాన్ని వదలలేదు. మార్పు వస్తువులో ఉంది. పురాణాలను, రాజుల చరిత్రలను పక్కకు పెట్టి, బ్రౌను సేకరించిన అనంతపుర చరిత్రలోని ఒక స్థానిక కథను అతడు ఎన్నుకున్నాడు. బుక్కరాయసముద్రం చెరువుకు గండి పడింది. ఊరు మునగకుండా ఉండాలంటే బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ బలి కావాలన్న వాణి వినిపించింది. ఆమె తనంతట తానే నడిచి వెళ్ళి నీటిపాలయింది. ఒక రైతు ఇంటి కోడలు కావ్యనాయిక కావడం, కథ కల్యాణంతో గాక మరణంతో ముగియడం ఆనాటి కావ్యమర్యాదకు కొత్త. చదివిన గ్రంథం నుంచి తన ప్రాంతపు ప్రజల కథను వెలికితీసి, దానిలో సాహిత్య గౌరవాన్ని చూడగలగడమే ఆ విద్యార్థి బలం.

అయితే అభ్యుదయ విమర్శకుడు ఇక్కడ ఆగిపోరాదు. ఆ కావ్యం ముసలమ్మ త్యాగాన్ని ఆకాశానికెత్తింది గాని, బలి కోరిన వ్యవస్థను నిలదీయలేదు. చెరువు కింద భూములన్నిటికీ నీరు కావాలి. గండి పూడ్చడానికి ప్రాణం మాత్రం ఇంటి చిన్నకోడలిదే కావాలి. ఊరి పెద్దలలో ఒకరిని ఆ వాణి ఎందుకు కోరలేదు? ఈ ప్రశ్న 1899 నాటి విద్యార్థికి తట్టకపోవడం అతని తరం పరిమితి. ఈనాటి విద్యార్థికి తట్టకపోతే అది మన బోధన లోపం.

వస్తువుతో పాటు భాష విషయంలో కూడా విద్యార్థి స్వేచ్ఛ కోసం పోరాటం జరిగింది. విద్యార్థులు తెలుగు వ్యాసరచన ఏ భాషలో చేయాలన్నది ఆ రోజులలో మద్రాసు విశ్వవిద్యాలయం ముందు పెద్ద సమస్య. అందుకోసం ఏర్పడిన ఉపసంఘంలో మెజారిటీ అభిప్రాయంతో విభేదించి, గురజాడ 1914లో తన అసమ్మతి పత్రాన్ని సమర్పించాడు. విశ్వవిద్యాలయం గ్రాంథికం వైపే మొగ్గింది. 1915లో గురజాడ మరణించాడు. ఆ మరుసటి సంవత్సరమే గిడుగు రామమూర్తి కొవ్వూరులో, పండితుల ఎదుట వ్యవహారభాషా ప్రామాణ్యాన్ని గురించి ప్రసంగించాడు. ఈనాడు మన విద్యార్థి తాను మాట్లాడే తెలుగులో వ్యాసం వ్రాయగలుగుతున్నాడంటే దాని వెనుక ఇంత చరిత్ర ఉంది. అంత కష్టపడి సాధించుకున్న భాషలో గైడు వాక్యాలను ఎత్తి వ్రాయడం ఆ వారసత్వాన్ని నీళ్ళలో కలపడమే.

రామలింగారెడ్డి తరువాత 1914లో 'కవిత్వతత్త్వ విచారము' ప్రకటించి, పింగళి సూరన 'కళాపూర్ణోదయము'ను ఆధారం చేసుకుని, అలంకారాల లెక్కతో తృప్తిపడక కథాసంవిధానాన్ని, పాత్రపోషణను విచారించే విమర్శను ప్రవేశపెట్టాడు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలరయ్యాడు. 1945లో ఏలూరులో వెలసిన కళాశాల ఆయన పేరనే వెలసింది. ఆ ఏలూరుకు దక్షిణాన కొల్లేరు ఉంది. ఆయన పద్ధతి మీద గౌరవమున్న విద్యార్థి ఆయన కావ్యాన్ని చేతబట్టుకుని కొల్లేటి గట్టు మీదికి వెళ్ళాలి. అక్కడ అతనికి మరొక ముసలమ్మ కనిపిస్తుంది.

కొల్లేటికోటను గురించి ఒక ఐతిహ్యముంది. సరస్సు మధ్యనున్న ఆ కోటలో గజపతుల సేన ఉండగా, శత్రువులు నీటిని సముద్రంలోకి దింపి కోటను పట్టుకోవడానికి ఉప్పుటేరును తవ్వారని చెబుతారు. ఆ సందర్భంలో సేనాని దైవానుగ్రహం కోసం తన కన్నకూతురినే బలి ఇచ్చాడనీ, అందుకే ఆ కాలువకు పేరంటాళ్ళ కనుమ అన్న పేరు వచ్చిందనీ అంటారు. పేరంటాలు అంటే మరణానంతరం దేవతగా పూజలందుకునే స్త్రీ. అనంతపురం ఎండిన సీమ. కొల్లేరు రెండు డెల్టాల నడుమ నీటి పల్లం. ఒకచోట నీరు నిలవడానికి, మరొకచోట నీరు కదలడానికి బలి. రెండుచోట్లా బలి అయినది స్త్రీయే.

బలమైన వ్యాసం ఇటువంటి చోట పుడుతుంది. "ముసలమ్మ మరణములో కరుణరసం" అన్న శీర్షిక కింద విద్యార్థి వ్రాయగలిగినది ఇదివరకే వందమంది వ్రాశారు. "నీటికి స్త్రీని బలి ఇచ్చే కథలను ఎవరి ప్రయోజనం నిలబెట్టింది?" అన్న ప్రశ్నకు జవాబు అతడే వెతుక్కోవాలి. వెతకడానికి క్రమశిక్షణ కావాలి. కావ్యంలో ముసలమ్మ మాటలేవి, ఊరి మాటలేవి అన్నది విడదీసి చూడాలి. ఐతిహ్యాన్ని ఐతిహ్యంగానే చెప్పాలి. ఉప్పుటేరును మనుషులు తవ్వారన్న కథను భూగోళ సత్యంగా వ్రాయరాదు. ముసలమ్మ ఇష్టపడి వెళ్ళింది కదా అన్న ఆక్షేపణను దాచిపెట్టక, దానికి సమాధానం చెప్పాలి. ఆధారం ఎంతవరకు పోనిస్తే నిర్ణయం అంతవరకే పోవాలి. వర్గదృష్టి ఉన్నంత మాత్రాన పాఠాన్ని సరిగా చదవనక్కరలేదని అనుకునే మిత్రులకు కూడా ఈ మాట వర్తిస్తుంది. నినాదాన్ని ముందు వ్రాసుకుని పద్యాలను తరువాత వెతికే వ్యాసం, గైడు చూసి వ్రాసిన వ్యాసానికి సవతి తమ్ముడే.

ఇది పాతకథల ముచ్చట మాత్రమే కాదు. 1999లో ప్రభుత్వం కొల్లేటిలో ఐదవ కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్లను పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. 2006లో చేపల చెరువుల గట్లను కొట్టించింది. సరస్సు బతకాలన్న మాట న్యాయమైనదే. కాని ఆ గట్లలో పెట్టుబడిదారుల చెరువులున్నాయి, లంకగ్రామాల పేదల జీవనాధారమూ ఉంది. నీటికోసం ఎవరు త్యాగం చేయాలన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా వేలు ఎవరివైపు చూపబడుతున్నదో గుర్తించడం సాహిత్య విద్యార్థి పని కాదనడానికి వీలులేదు. త్యాగాన్ని పొగడే భాషను విప్పి చూడడం అతనికి మనం నేర్పే విద్యయే.

అధ్యాపకులు చేయవలసినది ఒకటుంది. వ్యాసం చేతికి వచ్చినప్పుడు ఎన్ని పేజీలున్నదని గాక, ఏ ప్రశ్న అడిగిందని ముందుగా చూడాలి. సొంత ప్రశ్నతో వచ్చి తడబడిన వ్యాసానికి, అరువు జవాబుతో నున్నగా నడిచిన వ్యాసం కంటె ఎక్కువ మార్కులు వేయగల ధైర్యం మనకు కావాలి. ఆ ధైర్యం పరీక్షకులలో కనిపించిన నాడు విద్యార్థులు గైడులను తామే పక్కన పెడతారు.