శిఖరేశ్వరాలయం – సీమావివాదం

ధర్మశాస్త్రాలు వ్యవహారపదాలను పద్దెనిమిదిగా విభజించినవి. వాటిలో సీమావివాదం ఒకటి. మనుస్మృతి అష్టమాధ్యాయంలో ఈ విషయం విపులంగా ఉన్నది. గ్రామసీమలలో మఱ్ఱి, రావి వంటి దీర్ఘాయువు గల వృక్షాలను నాటవలెను. బొగ్గు, ఊక, ఎముకలు మున్నగు చెడిపోని పదార్థాలను భూమిలో నిక్షేపించి గుప్తచిహ్నాలు ఏర్పరచవలెను. తటాకాలు, బావులు, దేవతాయతనాలు సీమాసంధులలోనే నిర్మించవలెను అని అందలి విధి. ఆలయాన్ని పొలిమేరలో ఉంచుటలో ఋషుల ఆంతర్యం సుగమమే. చెట్టును నరకవచ్చు, రాతిని జరపవచ్చు. దేవుని జరుపుటకు మాత్రం మనిషి జంకుతాడు. అయితే సీమకు సాక్షిగా నిలువవలసిన ఆలయమే వివాదవస్తువైన సందర్భం ఒకటి చరిత్రలో ఉన్నది. అది కాంబోడియా, థాయ్‌లాండ్ దేశాల నడుమ డాంగ్రెక్ పర్వతశ్రేణిపై వెలసిన శిఖరేశ్వరుని ఆలయం. నేడు లోకం దానిని ప్రేహ్ విహేర్ అంటున్నది. థాయ్ ప్రజలు ఖావో ఫ్రా విహాన్ అంటారు. రెండు పేర్లలోనూ వినిపించేది మన ‘విహార’ శబ్దమే.

ఈ క్షేత్రం అంగ్కోర్ నగరానికి ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరాన ఉన్నది. క్రీ.శ. 889లో, అనగా శాలివాహన శకం 811లో, సింహాసనమెక్కిన యశోవర్మ మహారాజు కాలం నుండి ఇచ్చట శివారాధన ప్రసిద్ధమైనది. కాంబుజ దేశపు సంస్కృత శాసనాలు కాలాన్ని శకవర్షాలలోనే చెబుతాయి. అనేక శాసనాలు అంకెలకు బదులు భూతసంఖ్యలను వాడతాయి. మన పంచాంగకర్తలకు అవి పరదేశపు లెక్కలుగా తోచవు. పదునొకండవ శతాబ్దిలో మొదటి సూర్యవర్మ, పండ్రెండవ శతాబ్దిలో రెండవ సూర్యవర్మ ఆలయాన్ని విస్తరింపజేసిరి. అంగ్కోర్ వాట్ నిర్మాత అయిన ఈ రెండవ సూర్యవర్మకు గురువు దివాకరపండితుడు. శిష్యుడు గురువునకు శ్వేతచ్ఛత్రాలను, సువర్ణపాత్రలను, గజాలను సమర్పించినట్లు, ఆ గురువు శిఖరేశ్వరునికి బంగారు నటరాజమూర్తిని అర్పించినట్లు ఇచ్చటి శాసనం చెబుతున్నది. రాజు ఇచ్చినది గురువునకు, గురువు ఇచ్చినది స్వామికి!

ఆలయరచన గమనింపదగినది. ఖ్మేర్ దేవాలయాలు ప్రాయికంగా తూర్పుముఖంగా ఉంటాయి. ఇది ఉత్తరదక్షిణంగా సుమారు 800 మీటర్ల పొడవున, సోపానాలతో, నాగమూర్తులతో, ఐదు గోపురాలతో క్రమంగా పైకి సాగుతుంది. ఒక గోపురంపై క్షీరసాగరమథనం శిల్పితమైనది. కడపట గర్భాలయం, దాని వెనుక కొండ నిట్టనిలువుగా తెగి, దిగువన కాంబోడియా మైదానం. అనగా స్వామి గుడి ఒకవైపు, గుడికి తిన్నని దారి మరొకవైపు. కట్టిననాడు ఇరువైపులా ఒకే రాజ్యం గనుక ఈ చిక్కు ఎవరికీ తోచలేదు.

చిక్కు వచ్చినది 1904లో. కాంబోడియాను పాలిస్తున్న ఫ్రాన్సుకు, సయాం రాజ్యానికి జరిగిన సంధిలో ఈ కొండలపై జలవిభాజకరేఖయే సీమ అని వ్రాసుకొనిరి. వాన ఏ వాలున పారితే ఆ వాలు ఆ దేశానిది. ఈ నియమం ప్రకృతిసిద్ధమైనదే. కాని ఫ్రెంచి అధికారులు 1907లో సిద్ధపరచిన పటంలో రేఖ ఆలయానికి ఉత్తరంగా సాగి, ఆలయం కాంబోడియా వైపున పడినది. సయాం ఆక్షేపించలేదు. ఆ దేశపు దామ్రోంగ్ రాజకుమారుడు పటాలకు కృతజ్ఞత తెలిపి మరి 15 ప్రతులు కోరినాడు. 1930లో ఆయనే ఆలయాన్ని దర్శించగా ఫ్రెంచి అధికారి తమ పతాకం ఎగురవేసి స్వాగతం పలికినాడు. అప్పుడూ మాట లేదు.

కాంబోడియా 1953లో స్వతంత్రమైనది. మరుసటి ఏడు థాయ్ రక్షకులు ఆలయంలో నిలిచిరి. 1959లో కాంబోడియా హేగ్ నగరంలోని అంతర్జాతీయ న్యాయస్థానాన్ని ఆశ్రయించినది. 1962 జూన్ 15న తొమ్మిదిమంది న్యాయాధీశులు ఒకవైపు, ముగ్గురు మరొకవైపు నిలిచి, ఆలయం కాంబోడియాదే అని తీర్పు వెలువడినది. నీరు నిజంగా ఎటు పారుతున్నదో న్యాయస్థానం తేల్చనే లేదు. సయాం పటాన్ని చూచి, వాడుకొని, యాభై ఏండ్లు పలుకకుండుటయే ప్రమాణమైనది. మౌనం అర్ధాంగీకారం అని మనవారు అంటారు. ఆ తీర్పులో మౌనం పూర్ణాంగీకారమే అయినది.

మనుస్మృతి సీమానిర్ణయానికి పొరుగు గ్రామస్థులనే సాక్షులుగా పిలువమన్నది. వారు తలపై మట్టి ఉంచుకొని, ఎఱ్ఱని మాలలు, వస్త్రాలు ధరించి, తమ సుకృతాలపై ఒట్టువేసి సీమ చూపవలెను. డాంగ్రెక్ కొండవాసులను అట్లు పిలిచి అడిగినవారు లేరు. పారిస్‌లో అచ్చైన పటం వారి తరఫున పలికినది.

తీర్పు ఆలయం ఎవరిదో చెప్పినది, చుట్టుపట్ల నేల ఎంతవరకో చెప్పలేదు. సుమారు 4.6 చదరపు కిలోమీటర్ల ఆ భూమిపై వివాదం మిగిలిపోయినది. 2008 జూలైలో యునెస్కో ఆలయాన్ని ప్రపంచవారసత్వ జాబితాలో చేర్చగా, గౌరవం వెంటనే కలహం వచ్చినది. 2011 ఫిబ్రవరి కాల్పులలో ఆలయశిలలకే గాయాలైనవి. 2013 నవంబరు 11న అదే న్యాయస్థానం ఆలయమున్న కొండకొమ్ము యావత్తూ కాంబోడియాదే అని వివరించినది. ఆలయసంరక్షణకు ఏర్పడిన అంతర్జాతీయ సమన్వయసంఘానికి భారత, చైనా దేశాలు సహాధ్యక్షత వహించినవి.

అయినను శాంతి నిలువలేదు. 2025 జూలై 24న ఆరంభమైన యుద్ధం ఐదు దినాలు సాగి, 28న మలేషియాలో విరమణ కుదిరినది. డిసెంబరులో మరల ఫిరంగులు మ్రోగినవి. జూలైలో పోరు రగిలినది ఇదే పర్వతశ్రేణిపై పడమటగా ఉన్న మరొక శివాలయం, తా మ్యూన్ థోమ్, వద్ద. అచ్చటి గర్భాలయంలోని లింగం చెక్కి ప్రతిష్ఠించినది కాదు. కొండరాయే లింగమై ఉన్నది. జూలైకి కొన్ని మాసాల ముందు వరకు ఇరుదేశాల జనులూ ఆ గుడికి వచ్చిపోతూనే ఉండిరి. ఇప్పుడు అచ్చట సైనికుల పహరా.