ఆటల యంత్రంలో సినిమా - రెండు చందాల చిక్కు

వీడియో గేములు ఆడుకొనే యంత్రాన్ని టీవీకి కలిపి, దాని ద్వారానే ఇంటర్నెట్ నుండి సినిమాలు చూసే పద్ధతి అమెరికాలో 2008 తరువాత బాగా వ్యాప్తిలోకి వచ్చింది. తపాలాలో డీవీడీలు అద్దెకిచ్చే నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2007లో కంప్యూటర్లకు సినిమాల ప్రసారం ప్రారంభించింది. 2008 నవంబరులో ఆ సదుపాయం మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ 360 యంత్రానికీ విస్తరించింది.

చిక్కు అక్కడే మొదలైంది. నెట్‌ఫ్లిక్స్‌కు నెలనెలా చందా కట్టినంత మాత్రాన ఈ యంత్రంలో సినిమా వచ్చేది కాదు. ఎక్స్‌బాక్స్ లైవ్ గోల్డ్ అనే మరొక చందా కూడా ఉండాలనేది నిబంధన. దూరాన ఉన్నవారితో కలిసి ఆడుకొనేందుకు ముఖ్యంగా ఉద్దేశించిన ఈ చందా అమెరికాలో సంవత్సరానికి 50 డాలర్లు. 2010 నవంబరులో 60 డాలర్లయింది. ఆటల జోలికే పోని ఇంటివారు కూడా సినిమా కోసం దీనిని కట్టవలసి వచ్చింది. సంతలో సరుకుకు వెల చెల్లించినవాడు దానిని ఇంటికి మోసుకుపోయే దారికి వేరుగా సుంకం కట్టడం వంటిదే ఇది. చెక్‌పోస్టుల మధ్య కాపురముండే వారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

సోనీ ప్లేస్టేషన్ 3లో 2009 నవంబరు నుండి, నింటెండో వీలో 2010 వసంతం నుండి ఇదే ప్రసారం లభించింది. ఇక్కడ రెండవ చందా లేదు. అయితే నెట్‌ఫ్లిక్స్ తపాలాలో ఉచితంగా పంపే ఒక డిస్కును చూసినప్పుడల్లా యంత్రంలో పెట్టాలి. డిస్కు పోతే సినిమా లేనట్లే! 2010 అక్టోబరులో ఆ అవసరం తొలగింది. వీలో హెచ్‌డీ బొమ్మ రాదు. అందులో ఈ సేవ 2019 జనవరితో ముగిసింది.

మైక్రోసాఫ్ట్ తన నిబంధనను 2014 జూన్‌లో ఎత్తివేసింది. నేడు ఎక్స్‌బాక్స్‌లోగాని ప్లేస్టేషన్‌లోగాని నెట్‌ఫ్లిక్స్ చూసేందుకు ఆ సంస్థ చందా ఒక్కటే చాలును. ప్లేస్టేషన్ ప్లస్ వంటివి ఆటలకు సంబంధించినవి. దుకాణంలో ఎవరైనా సినిమాల కోసం అవి కూడా తప్పనిసరి అంటే నమ్మనవసరం లేదు.

నెట్‌ఫ్లిక్స్ భారతదేశానికి 2016 జనవరిలో వచ్చింది. మన దేశంలో 2019లో ప్రవేశపెట్టిన మొబైల్ చందా చౌకైనదే గాని, అది ఫోనుకు, టాబ్లెట్‌కు మాత్రమే పరిమితం. ఆటల యంత్రం ద్వారా టీవీలో చూడదలచినవారు దానికి పై తరగతి చందా తీసుకోవాలి.