ఆమ్డో పశుపాలకులు - దొంగతనపు తగవులు

టిబెట్టు పీఠభూమికి ఈశాన్యమున ఆమ్డో అను ప్రాంతము కలదు. నేటి చైనాలోని చింగ్‌హాయ్, గాన్సు, సిచువాన్ రాష్ట్రములలో అది వ్యాపించియున్నది. 3,000 మీటర్లకు పైబడిన ఆ బయళ్లలో చాలవరకు పంట పండదు. గడ్డి మాత్రము పుష్కలము. అచ్చటి జనులు జడలబర్రెలను, గొఱ్ఱెలను, గుఱ్ఱములను మేపుకొనుచు, జడలబర్రె వెండ్రుకలతో నేసిన నల్లని గుడారములలో తరతరములుగా కాపురముండిరి. (మన దేవాలయములలో వీచు చామరము ఈ జంతువు తోకయే.)

పొలమును ఎవ్వరును ఎత్తుకొని పోలేరు. మంద యట్లు కాదు, దానికి కాళ్లున్నవి. చీకటి రాత్రి నలుగురు రౌతులు వచ్చి తోలుకొని పోయినచో, తెల్లవారు సరికి అది ఏ కనుమ దాటినదో తెలియదు. పాలు, వెన్న, ఉన్ని, బరువు మోయు పశువు, అన్నియు ఒక్కసారిగా పోయినట్లే.

విచిత్రమేమనగా, దొంగతనముల నన్నింటిని వారు ఒకే కంటితో చూడలేదు. తన తెగవాని పశువును దొంగిలించుట నీచము. పరతెగ మందను తోలుకొని వచ్చుట సాహసము. అయితే పోగొట్టుకొన్నవారు ఊరకుండరాదు. ఊరకున్నచో పిరికివారను పేరు వచ్చును, మరల దోపిడి జరుగును. పగ తీర్చుకొనుట తెగవారి విధి. కాబట్టి ఒక గుఱ్ఱముతో మొదలైన తగవు హత్యలకు దారితీయవచ్చును.

ఇచ్చట మధ్యవర్తి ప్రవేశించును. ఇరుపక్షములకు చెందని పెద్దలు, మాటనేర్పరులు, ఒక్కొక్కప్పుడు లామాలు ఈ పనికి పూనుకొందురు. 1709లో స్థాపింపబడిన లాబ్రాంగ్ మఠపు లామాలు ఇట్టి తగవులను పలుమార్లు తీర్చిరి. మొదట కయ్యము నిలిపింతురు. పిదప ఈ గుడారమునుండి ఆ గుడారమునకు తిరుగుచు, సామెతలు జోడించి ప్రాధేయపడుదురు. బలవంతముగా ఒప్పించు అధికారము వారికి లేదు. నష్టపోయినవారు మొదట ససేమిరా యందురు. అట్లనుట వారి గౌరవమునకు అవసరము. తగినంత బ్రతిమాలించుకొన్న పిదపనే పరిహారపు లెక్క మొదలగును.

ఆ లెక్కకు పాత చరిత్ర కలదు. 7వ శతాబ్దపు రాజు స్రోంగ్‌త్సన్ గాంపో చేసినవని తరువాతి చరిత్రకారులు చెప్పు చట్టములలో, దొంగిలించిన సొమ్ముకు ఎనిమిది రెట్లు దండుగ. అసలుతో కలిపి తొమ్మిది. ఆమ్డోలో మాత్రము బేరమే ప్రధానము. దాడిలో మనిషి చచ్చినచో 'మితోంగ్' అను ప్రాణమూల్యము చెల్లింపవలెను. అచ్చట చాలకాలము నివసించిన రాబర్ట్ ఎక్వాల్ అను అమెరికను మతప్రచారకుడు 1954లో దీనిని గూర్చి వ్యాసము ప్రకటించెను.

1958లో ఆమ్డోలో తిరుగుబాటు అణచబడినది. మందలు కమ్యూనుల పాలయ్యెను. 1980 తరువాతి సంవత్సరములలో అవి మరల కుటుంబములకు పంచబడినవి. వానితోపాటు తగవులును తిరిగి వచ్చినవి. మానవశాస్త్రజ్ఞురాలు ఫెర్నాండా పిరీ 2005లో ప్రకటించిన పరిశోధన ననుసరించి, పోలీసులు దోషిని చెఱకు పంపినను బాధితుల తెగ తృప్తిపడలేదు. మధ్యవర్తుల మూలమున పరిహారమును వేరుగా రాబట్టుకొనుచుండెను. తగవు ముదిరినప్పుడు ప్రభుత్వాధికారులే లామాలను పిలిపించుటయు కలదు.