కొబ్బరి దీవిలో పున్నమి సంబరం

థాయ్‌లాండ్ సింధుశాఖలోని కో ఫంగన్ ఒకప్పుడు కొబ్బరి తోటలతో, చేపల వేటతో బతికిన దీవి. 1888లో రాజు చులాలాంగ్‌కార్న్ ఇక్కడి థాన్ సాదెత్ జలపాతం చూసి ముగ్ధుడయ్యాడు. మళ్లీ మళ్లీ వచ్చాడు, బండలపై తన పొడి అక్షరాలు చెక్కించాడు.

వీపున సంచితో తిరిగే కుర్రకారు రాక చాలా తర్వాతి మాట. పొరుగున ఉన్న కో సముయ్‌లో సందడి పెరిగేసరికి పడవెక్కి ఇటు మళ్లారు. ఇద్దరు స్నేహితులు ఒకే గుడిసెలో సర్దుకుంటే ఖర్చు సగమే మరి! 1980ల నడుమ హాద్ రిన్ తీరంలోని ప్యారడైజ్ బంగళాల దగ్గర కొద్దిమంది పున్నమి రాత్రి ఆడిపాడారు. అదే వేలమంది చేరే ఫుల్ మూన్ పార్టీ అయింది.

అంత హోరులోనూ దీవి తన ఆచారాన్ని విడవలేదు, అది నిజంగా మెచ్చదగ్గది. విశాఖ పున్నమి లాంటి బౌద్ధ పర్వదినాల్లో పార్టీని మరో రాత్రికి మారుస్తారు.